బళేపేట ఏ జీవమండలములోనిది?

(సంఘ భవనమున ఆదివారము జరిగిన బాలబాలికల సమావేశమునందలి ఉపన్యాస పాఠము)



ఈ వేదికనుండి శాస్త్రవిషయము చెప్పుటకు మేము తగినవారము కాము. మా చదువు మెట్రిక్యులేషనుతో ముగిసినది. పిమ్మట తండ్రిగారి వాద్యముల అంగడిలో కూర్చుంటిమి. నాటినుండి నేటివరకు వీణలు, మృదంగములు, ఫిడేళ్లు అమ్ముకొనుచు కాలము గడుపుచున్నాము. అయినను గత ఆదివారము జరిగిన యొక చిన్న సంగతివలన ఈ బరువు మా తలపై బడినది.

ఆనాడు ఏడవ తరగతి చదువుచున్న బాలిక యొకతె తన పాఠ్యపుస్తకము తెచ్చి, అందున్న ప్రపంచపటమును మాకు చూపినది. పటమంతయు రంగులే. వర్షారణ్యములకు పచ్చ, ఎడారులకు పసుపు, మంచునేలలకు బూడిదరంగు. “మామయ్యా, మన బళేపేట వీటిలో ఏ రంగులో ఉంది?” అని యడిగినది. ప్రక్కనున్న పెద్దలు, “పరీక్షలో బళేపేట గురించి అడగరులే అమ్మా” అని నవ్విరి. మేమును నవ్వితిమి. ఇంటికి పోయిన పిమ్మట ఆ నవ్వు మాకే గుచ్చుకొన్నది. తరతరములుగా ఈ పేటలో బ్రతుకుచు, ఈ నేల గుణమేమో ఒక పిల్లకు చెప్పలేకపోతిమి గదా యనిపించినది. వారమంతయు చదువుకొన్నవారిని అడిగి, పుస్తకములు చూచి తెలిసికొన్నదానిని నేడు మీ ముందు ఉంచుచున్నాము. ఆ బాలిక ముందు వరుసలోనే కూర్చున్నది. ఆమె ప్రశ్నకు జవాబు చెప్పినగాని మేము ఈ వేదిక దిగము.

మొదట పేరు సంగతి. 1866లో ఎర్నెస్ట్ హెకెల్ అను జర్మను శాస్త్రవేత్త ఈ శాస్త్రమునకు పేరు పెట్టెను. దానికి ఆయన తీసికొన్న గ్రీకు మాటకు ‘ఇల్లు’ అని అర్థము. మన భాషలో జీవావరణశాస్త్ర మందురు. ఒక ఇంటిలో ఎవరెవరుందురు, ఎవరేమి తెత్తురు, ఎవరేమి తిందురు, మిగిలినది ఏమగును అని విచారించుటయే ఈ శాస్త్రము. 1935లో ఆర్థర్ టాన్‌స్లీ అను ఆంగ్లేయుడు మరియొక మెట్టు ఎక్కించెను. జీవులను మాత్రమే చూచిన చాలదు, వాటిని భరించు నీరు, గాలి, మట్టి, వెలుగు, వీటన్నిటిని కలిపి ఒకే సంసారముగా చూడవలెననెను. దానికే ఆవరణ వ్యవస్థ యని పేరు.

దీనికి ఉదాహరణమును దూరమున వెదుకనక్కరలేదు. మన పేటకు పడమట, నేడు కెంపేగౌడ బస్సు నిలయమున్న చోట, ఒకప్పుడు ధర్మాంబుధి యను చెరువు ఉండెడిది. 1537లో కెంపేగౌడ ఈ నగరమునకు పునాది వేసెను; ఈ చెరువును ఆయన పేరుతోనే చెప్పుకొందురు. మన పేట ఆ నీరు త్రాగి పెరిగినది. కన్నులు మూసికొని ఇటువంటి చెరువు నొకదానిని ఊహింపుడు. నీటిలో నాచు, ఒడ్డున తుంగ, నడుమ తామర. ఇవి సూర్యుని వెలుగుతో, గాలిలోని బొగ్గుపులుసు వాయువును నీటిని కలిపి, తమ ఆహారమును తామే చేసికొనును. ఈ పనిని కిరణజన్య సంయోగక్రియ యందురు. చేయువాటిని ఉత్పత్తిదారులందురు. లోకములో కొత్త సొమ్ము పుట్టించునవి ఇవియే. తక్కిన మనమందరము ఆ సొమ్మును చేతులు మార్చువారమే. నాచును పురుగు తినును, పురుగును చిన్నచేప, చిన్నచేపను పెద్దచేప, పెద్దచేపను గ్రద్ద. ఇది ఆహారపు గొలుసు. ఆ చిన్నచేపనే కొంగయు తినును, నీటిపామును తినును. ఇట్లు గొలుసులు పెనవేసికొని వలవంటిదగును. దానిని ఆహారజాల మందురు.

ఇందరు ఒక్క చేపకై పోటీపడిన ఎట్లు జరుగును? మన వీధిని చూడుడు. బళె యనగా కన్నడమున గాజు; పేటకు ఆ వ్యాపారమే పేరైనది. గాజుల అంగడి, వాద్యముల అంగడి, పట్టుబట్టల అంగడి ప్రక్కప్రక్కనే యున్నను ఒకరి పొట్ట యొకరు కొట్టరు. చెరువులోను అట్లే. కొంగ లోతులేని నీట నిలబడి చేపను పట్టును. లకుముకిపిట్ట కొమ్మమీదినుండి దూకి పట్టును. నీటికాకి లోతున మునిగి పట్టును. ప్రతి జీవికిని తన వృత్తి కలదు. ఒక వృత్తివాడు పోయినచో ఆ పని చేయువాడు వెంటనే దొరకడు. కప్పలు నశించిన చోట దోమలు పెచ్చు పెరుగుట అందుకే.

ఇక మాకు తెలిసిన విద్య జమాఖర్చు. ప్రకృతికిని రెండు చిట్టాలు కలవు. ఒకటి శక్తిది, ఒకటి పదార్థముది. శక్తి సూర్యునినుండి వచ్చును. చేయి మారినపుడెల్ల అందులో అధికభాగము వేడియై పోవును. పోయినది తిరిగి రాదు. రేమండ్ లిండెమన్ అను అమెరికా యువకుడు ఒక చిన్న సరస్సును ఏళ్లతరబడి పరిశీలించి ఈ లెక్క కట్టెను. 1942లో ఆ వ్యాసము వెలువడకమునుపే అతడు చిన్న వయసున మరణించుట విచారకరము. సామాన్యముగా నూటికి పది వంతులు మాత్రమే పైమెట్టు చేరునని మీ పుస్తకములు చెప్పును. పదివేల వంతుల గడ్డి వేయి వంతుల మిడుతలను, అవి నూరు వంతుల కప్పలను, అవి పది వంతుల పాములను, అవి ఒక్క వంతు గ్రద్దలను పోషించును. గ్రద్దలు కొద్దిగా, గడ్డి విస్తారముగా నుండుటకు కారణ మిదియే.

పదార్థము అట్లు కాదు. అది తిరుగుడు పెట్టుబడి. ఆకు రాలును, చేప చచ్చును. బూజులు, సూక్ష్మజీవులు, వానపాములు వాటిని కుళ్లబెట్టి నత్రజని, భాస్వరము మొదలగువాటిని మరల మట్టికి చేర్చును. వీటిని విచ్ఛిన్నకారులందురు. బాకీలు వసూలుచేసి పెట్టెలో వేయు గుమాస్తాల వంటివి. అవి ఒక్క నెల సెలవు పుచ్చుకొన్నచో లోకమంతయు చెత్తకుప్ప యగును.

ఈ చిట్టాలో జమ తగ్గినను దివాళాయే, హద్దు మీరి పెరిగినను దివాళాయే. నగరమునకు ఆగ్నేయముననున్న బెళ్ళందూరు చెరువులోనికి మన యిండ్ల మురుగు వచ్చి చేరినది. ఆ మురుగులోని నత్రజని, భాస్వరము కలుపునకు ఎరువైనవి. గుర్రపుడెక్క నీటిని కప్పివేసినది. అది కుళ్లునపుడు నీటిలోని ప్రాణవాయువు తరిగిపోవును; చేపలకు ఊపిరాడదు. సబ్బునురుగు వీధులమీదికి ఎగిరి వచ్చినది. 2017, 2018 సంవత్సరములలో ఆ చెరువుపై మంటలే లేచినవి. నీటిపై నిప్పు పుట్టుట మన పెద్దలు కథలలో విన్నారు. మనము కన్నులార చూచితిమి.

ఇక మండలముల సంగతి. ఒకే విధమైన వేడి, వాన గల విశాల ప్రదేశమున ఒకే పోలిక గల చెట్టుచేమలు, జంతువులు నెలకొనును. అట్టిదానిని జీవమండల మందురు. మీ పటములోని రంగులు ఇవియే. మండలమును నిర్ణయించునవి ముఖ్యముగా మూడు: ఏడాదిలో ఎంత వేడి, ఎంత వాన, ఆ వాన ఏయే నెలలలో కురియును. ఈ మూడవ మాటను జ్ఞాపకముంచుకొనుడు. చివర దానితో పని యున్నది.

దేశదేశములు చూపుటకు మాకు చేతనైన వాహనము అంగడి యొక్కటే. అందువలన రెండు వాద్యములు తెచ్చితిమి. ఒకటి ఫిడేలు, ఒకటి వీణ. మొదట ఫిడేలు చూడుడు. తెలుగువారి కీర్తియైన ద్వారం వెంకటస్వామినాయుడుగారు చేపట్టిన వాద్యమిది. ఆ మహనీయుడు 1893లో జన్మించినది ఈ బెంగళూరులోనే యని మీలో ఎందరికి తెలియును?

దీని ముందుపలక స్ప్రూస్ అను సూదియాకుల చెట్టుది. రష్యా, స్కాండినేవియా, కెనడాలమీదుగా భూమి ఉత్తరభాగమును పట్టీవలె చుట్టియున్న అడవులలో ఈ జాతివే ముఖ్యవృక్షములు. ఆ మండలమునకు టైగా యని పేరు. భూమిపై నేలమండలములలో మిక్కిలి విశాలమైనది ఇదియే. అచట చలికాలము దీర్ఘము. చెట్టు పెరుగుటకు దొరకునవి కొద్ది నెలలు. నెమ్మదిగా పెరిగిన మానులో ఏటేటి వలయములు దగ్గరదగ్గరగా నుండును. ఫిడేలు చేయువారు కోరునది ఆ దగ్గరతనమునే. మేలైన పలకలు ఆల్ప్స్ కొండలమీదినుండి వచ్చును. కొండ ఎక్కుట యనగా ఉత్తరమునకు నడచుట వంటిదే; ఎత్తు పెరిగినకొలది చలి పెరుగును, మండలము మారును.

వెనుకపలక మేపుల్ మానుది. ఇది ఐరోపా, తూర్పు అమెరికా, చైనా, జపానులలోని సమశీతోష్ణ అడవులది. శీతకాలమున నేల గడ్డకట్టి నీరు అందదు గనుక, ఆ చెట్లు ముందుగానే ఎర్రబారి ఆకులన్నియు రాల్చును. ఈ కమానుకు కట్టినవి గుర్రపు తోకవెండ్రుకలు. మంగోలియా మొదలగు దేశముల గడ్డిమైదానములందు మేసిన గుర్రములవి. చెట్టు పెరుగుటకు చాలని వాన, గడ్డికి చాలును. వేలయేండ్లు గడ్డివేళ్లు చచ్చి, కుళ్లి, అచటి మట్టిని లోతుగా, నల్లగా చేసినవి. ఆ సారముపైననే ఉక్రెయిను, అమెరికా గోధుమ పండుచున్నది.

కమాను కర్రలలో మేలైనది బ్రెజిలు తూర్పుతీరపు అడవిలోని పెర్నంబుకో చెట్టుది. ఇన్నూరేండ్లకు పైగా లోకమంతటి ఫిడేళ్లకు కమానులిచ్చి, రంగులకును నరకబడి, ఆ చెట్టు నేడు నశించు స్థితికి వచ్చినది. మా వంటి వర్తకులు లాభము చూచుకొన్నారే గాని, మాను ఎచటినుండి వచ్చుచున్నదో, ఇంకెన్నాళ్లు వచ్చునో అడుగలేదు. మేమును అడిగినవారము కాము.

ఇక మన వీణ. ఇది పనసమాను. బొబ్బిలి వీణలను ఒకే మొద్దునుండి తొలుచుట మీరు వినియుందురు. పనస పుట్టినిల్లు పడమటి కనుమల వానయడవులు. అచటి ఆగుంబెలో సాలుకు ఏడువేల మిల్లీమీటర్లకు పైగా వాన కురియును. అమెజాన్, కాంగో నదుల పరీవాహములలోనివి ఈ మండలములో అతి పెద్దవి. ఎల్లప్పుడు వేడి, ఎల్లప్పుడు తేమ. అందువలన లెక్కకు మిక్కిలి జాతులు. కాని యొక చిత్రము చూడుడు. అంత అడవికి ఆధారమైన మట్టి సాధారణముగా పేదది. రాలిన ఆకు కుళ్లినవెంటనే వేళ్లు దానిని పీల్చివేయును. సొమ్మంతయు చెలామణిలోనే యున్నది, పెట్టెలో లేదు. గడ్డినేలలో సొమ్ము పెట్టెలో, అనగా మట్టిలో నున్నది. కనుక వానయడవిని నరికి సేద్యము చేసినవాడు కొద్ది యేండ్లలోనే చేతులు కాల్చుకొనును.

ఈ వీణ మెట్లను నిలిపిన నల్లని మైనము తేనెటీగల కష్టము. ఆ తేనెటీగలు పూలకు పరాగము మోయనిదే మన తోటలలో పెక్కు కాయలు కాయవు.

మా అంగడికి సరకు పంపని మండలములును కలవు. టైగాకు ఉత్తరమున టండ్రా. అచట పై మట్టి వేసవిలో కొంచెము కరగును. దాని క్రిందిది ఏండ్లతరబడి గడ్డకట్టియే యుండును. చెట్టు వేరు తన్నలేదు. నాచులు, పొట్టి పొదలు, వాటిని మేయు రెయిన్‌డీర్లు, అంతే. భూమి వేడెక్కుచుండుటవలన ఆ గడ్డ నేడు కరగుచున్నది. దానిలో వేలయేండ్లుగా దాగియున్న బొగ్గుపులుసు వాయువు మొదలగునవి బయటపడుచున్నవి. ఎక్కడి టండ్రా, ఎక్కడి బళేపేట యనుకొనకుడు; గాలికి సరిహద్దు గోడలు లేవు. మరియొకటి ఎడారి. సాలుకు సుమారు 250 మిల్లీమీటర్లకు లోపు వాన. మన దేశమున థార్, ఆఫ్రికాలో సహారా. ఒంటె మూపులో నున్నది నీరు కాదు, క్రొవ్వు. మన అనంతపురము దేశములో వాన మిక్కిలి తక్కువగల జిల్లాలలో నొకటి. అయినను సుమారు 550 మిల్లీమీటర్లు కురియును గనుక అది ఎడారి కాదు.

జలమండలములను మరువరాదు. మా అంగడిలోని శంఖము మన్నారు సింధుశాఖలోని ఒక నత్త కట్టుకొన్న ఇల్లు. తెలుగునాట కొల్లేరు మంచినీటి సరస్సు. 2002లో దానిని అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా గుర్తించిరి. గోదావరి కడలిలో కలియుచోట కోరంగి మడ అడవులున్నవి. ఆ చెట్లు ఉప్పునీట నిలిచి, బురదలో గాలి దొరకక, వేళ్లను పైకెత్తి ఊపిరి పీల్చును. తుపాను అలలకు అవి గోడ.

ఇప్పుడు మనకు సమీపమైన మండలములకు వత్తము. వాన కొద్ది నెలలే కురిసి, తక్కిన నెలలు ఎండు దేశములలో రెండు విధముల జీవనము కలదు. ఒకటి ఆకురాల్చు ఎండుటడవి. నల్లమల, శేషాచలము ఇట్టివి. ఐరోపా చెట్టు చలికి వెరచి ఆకు రాల్చును. మన చెట్టు ఎండకు వెరచి, నీరు పొదుపు చేయుటకై రాల్చును. మోదుగ ఆకులు విడిచి, ఎర్రని పూలతో నిలుచుట మీరు చూచియుందురు. ఎర్రచందనము రాయలసీమ కొండలయందును, వాటిని ఆనుకొనియున్న కొద్ది చోట్లను మాత్రమే సహజముగా పెరుగును. ప్రపంచమున మరెచటను లేదు. జపానువారు షామిసెన్ అను తమ తంత్రీవాద్యమునకు దానిని మిక్కిలి కోరుదురు. ఆ కోరికకు మన కొండలు నేటికిని దొంగగొడ్డళ్ల పాలగుచున్నవి.

రెండవది సవన్నా, అనగా అక్కడక్కడ చెట్లు గల గడ్డినేల. ఆఫ్రికాలోని సెరెంగెటి దీనికి ప్రసిద్ధి. గడ్డి తన మొలకను నేలయొద్ద దాచుకొనును గనుక జింక మేసినను, నిప్పు కాల్చినను మరల చిగుర్చును. ఆంధ్రదేశపు రాష్ట్రజంతువైన కృష్ణజింకకు ఇట్టి నేలయే ఇల్లు. రోళ్ళపాడు గడ్డినేలలలో ఒకప్పుడు బట్టమేకపిట్ట తిరుగాడెడిది. నేడచట అది కనబడుట గగనమైపోయినది. దేశము మొత్తముమీద అడవిలో మిగిలినవి రెండు వందలకు లోపే. కారణమేమి? మనము గడ్డినేలను ‘బీడు’ అందుము. బీడనిన తోడనే దానికి ధర కట్టుదుము. మన ఊరికి చెంతనున్న హెసరఘట్ట గడ్డినేలను చూచి, “ఇక్కడ ఏమీ లేదే” అని మేమే యొకసారి అన్నవారము. అచట తలమీదుగా ఎగిరిన డేగ మా మాటను విని నవ్వుకొని యుండును.

చిరంజీవీ, నీ ప్రశ్నకు జవాబు ఇది. మన బళేపేట వర్షారణ్యపు పచ్చలో లేదు; ఎడారి పసుపులోను లేదు. రెంటి నడుమనున్న దక్కను పీఠభూమి మీది ఎండుటడవులు, ముళ్లపొదలు, గడ్డినేలలు కలసిన మండలములోనిది. నగరమునకు దక్షిణముననున్న బన్నేరుఘట్ట అడవి నేటికిని దీనికి సాక్ష్యము. సముద్రమునకు సుమారు 920 మీటర్ల ఎత్తున నున్నందున మనకు ఎండ మెత్తనయ్యెను. అంతమాత్రమున మండలము మారలేదు. వీధులలోని పచ్చదనము చూచి మోసపోకుడు. గుల్‌మొహరు మడగాస్కరుది, జకరండా దక్షిణ అమెరికాది. అవి నాటినవి.

మరువవద్దని చెప్పిన మూడవ మాట ఇక్కడ వచ్చును. బెంగళూరున సాలుకు సుమారు 970 మిల్లీమీటర్ల వాన. తక్కువేమియు కాదు. కాని డిసెంబరునుండి మార్చివరకు దాదాపు ఏమియు రాదు. పైగా మనది గట్టు మీది ఊరు. పెద్ద నది లేదు. ఇచట కురిసిన వానలో కొంత పడమటికి వృషభావతిద్వారా కావేరికిని, కొంత తూర్పునకు దక్షిణ పినాకినికిని జారిపోవును. పట్టి నిలుపుకొన్నదే మనది. అందుకే పూర్వులు చెరువులు కట్టిరి. ఒకటి నిండి పొరలిన నీరు క్రిందిదానిని నింపునట్లు గొలుసుగా కట్టిరి.

ఈ విద్య మన తెలుగువారికిని తాతలనాటిది. కడపజిల్లా పోరుమామిళ్ల చెరువును విజయనగరపు బుక్కరాయల కుమారుడు భాస్కరరాయలు కట్టించెను. అచటి 1369 నాటి శాసనమున మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములు, రాకూడని ఆరు దోషములు చెప్పబడియున్నవి. నందికొండల సీమలో పుట్టిన ఉత్తర పినాకినియే పెన్నయై అనంతపురము, కడప, నెల్లూరు సీమలను తడుపును. ఆ నీరు త్రాగిన ఊళ్లనుండి వచ్చిన కుటుంబములు మనలో ఎన్నియో కలవు. ఎండునేలలో ఎట్లు బ్రతుకవలెనో మన పెద్దలు వెంట తెచ్చుకొనియే వచ్చిరి.

పిమ్మట ఏమైనది? 1896లో హెసరఘట్టనుండి గొట్టముల నీరు వచ్చినది. 1933లో తిప్పగొండనహళ్ళి జలాశయము, 1974లో కావేరి. నేడు మనము త్రాగునది సుమారు నూరు కిలోమీటర్ల దూరమునుండి, దాదాపు అర కిలోమీటరు ఎత్తు తోడి తెచ్చిన నీరు. దానివలన లక్షలమంది బ్రతుకుచున్నారు. దానిని మేము తక్కువచేసి మాటాడము. కాని కుళాయి వచ్చిన నాటినుండి చెరువు మన కంటికి వట్టి చోటుగా కనబడినది. ధర్మాంబుధి బస్సు నిలయమైనది. సంపంగి చెరువు క్రీడారంగమైనది.

ఇతరులను అననేల? మా అంగడి వెనుక పెరటిలో రాతికట్టు బావి యొకటి యుండెడిది. మేము మెట్రిక్యులేషను ముగించి అంగడిలో చేరిన యేడు, “కుళాయి ఉండగా బావి యెందుకు? పూడ్చి గిడ్డంగి కట్టుద”మని తండ్రిగారికి సలహా చెప్పినది మేమే. మా నాయనమ్మ అడ్డుపడి, “కొళాయి సర్కారుది రా, బావి మనది” అన్నది. ఆమె మాట చెల్లలేదు. మూడు దినములు మాతో పలుకలేదు. 2024 వేసవిలో నగరమున వేలకొలది బోరుబావులు ఎండినపుడు, మా యింటికి ట్యాంకరు నీరు కొంటిమి. గిడ్డంగి తలుపు ముందు ఆ లారీ నిలిచినపుడు, దానిలోని నీరు ఏ పల్లె భూగర్భమునుండి తోడినదో, అచటి పిల్లలు ఏమి త్రాగుదురో అనిపించినది. నాయనమ్మ అప్పటికి లేదు. ఎవరితో చెప్పుకొందుము?

ఒక లెక్క చూడుడు. ముప్పది అడుగుల వెడల్పు, నలుబది అడుగుల పొడవు గల మిద్దెపై, 970 మిల్లీమీటర్ల చొప్పున, సాలుకు లక్ష లీటర్లకు పైగా నీరు పడును. ముప్పాతిక భాగము పట్టినను ఎనుబది వేల లీటర్లు. వాననీటి సేకరణకు ఈ నగరమున 2009లోనే చట్టము వచ్చినది. పాత కట్టడములలో పెద్దవాటికే అది వర్తించును గనుక, మా యిల్లు చిన్నదని మేము తప్పించుకొంటిమి. చట్టము విడిచినను లెక్క విడువదు. ఈ వానకాలమునకు ముందే గిడ్డంగి మూల పగులగొట్టి ఇంకుడుగుంత త్రవ్వించుటకు నిశ్చయించితిమి. పాత బావి మరల ఊరునో లేదో ఆ నేలయే చెప్పవలెను.

మీకు మూడు పనులు అప్పగించుచున్నాము. ఒకటి: మీ యింటికి సమీపమున నొక చెట్టును ఎన్నుకొని, ప్రతి ఆదివారము ఆకు రాలినదా, చిగురు వచ్చినదా, ఏ పిట్ట వాలినది, తేదీ వేసి వ్రాయుడు. కానుగయైన మేలు, ఫిబ్రవరి, మార్చి నెలలలో అది ఆకు మార్చును. ఎండుమండలపు నడవడిని కన్నులార చూడవచ్చును. రెండు: మీ యింటి పెద్దలను, వారి చిన్ననాట ఏ బావి, ఏ చెరువు నీరు త్రాగిరో అడిగి, ఆ పేరును, అది నేడు ఏమైనదో వ్రాసికొని రండు. ఆ జాబితాను మన పత్రికలో అచ్చువేయుదము. మూడు: మీ మిద్దె కొలతలు తీసికొని, మేము చెప్పిన లెక్క మీరును కట్టి, ఇంటిలో చూపుడు. పెద్దలు కోపగించినచో మా పేరు చెప్పుడు. నోటుపుస్తకములు సంఘము ఇచ్చును.

మన పూర్వులు పరాయి ఊరికి వచ్చి, ఇచటి భాష నేర్చి, ఇచటివారితో కలసి బ్రతికిరి. భాష నేర్చినట్లే నేలను గూడ నేర్చిరి. మనము భాషను నిలుపుకొనవలెనని ప్రతి సభలో చెప్పుకొందుము. ఆ రెండవ విద్యను మాత్రము మా తరము వారమే జారవిడిచితిమి. దానిని మీ చేతులలో మరల చూడగోరుచున్నాము.